పార్కిన్సన్స్ మాత్రకీ పప్పన్నానికీ మధ్య కాస్త ఎడం ఉంచండి

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పార్కిన్సన్స్ జబ్బుకి లెవోడోపా ఉన్న మాత్రలు వాడుతుంటే, ఏ టైముకి వేసుకుంటున్నారో ఒకసారి గమనించండి. మామూలుగా భోజనానికి 30 నిమిషాల ముందు, లేదా తిన్నాక గంట, గంటన్నర ఆగి వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుంది.

కారణం పేగు గోడలో ఉంది. లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే, అంటే మనం తిన్న ప్రోటీన్ అరిగితే వచ్చే చిన్న ముక్కల్లాంటిదే. పేగు కణాల పొరను అది తనంతట తాను సరిగా దాటలేదు. ల్యూసిన్, ఫినైల్‌అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలను లోపలికి చేరవేసే రవాణా ప్రోటీన్లే దాన్నీ మొయ్యాలి. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం అరిగాక ఆ ఆమ్లాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి, మందుకి చోటు దొరకదు. రక్తంలోకి చేరినా, మెదడులోకి వెళ్లే దగ్గర మళ్లీ ఇదే పోటీ! అందుకే ముద్దపప్పు, గడ్డపెరుగుతో కడుపునిండా తిన్న మధ్యాహ్నం మాత్ర వేసుకున్నా చెయ్యి వణుకు తగ్గకపోవచ్చు, కాళ్లు బిగుసుకుపోవచ్చు. డోసు చాలట్లేదేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అలాగని ప్రోటీన్ మాత్రం మానిపించకండి, దయచేసి. ఈ జబ్బులో బరువు తగ్గిపోయేవాళ్లు చాలామందే. పగలు తక్కువ పెట్టి రాత్రి భోజనంలో ఎక్కువ పెట్టడం కొందరికి బాగా పనికొస్తుంది, డాక్టర్ని అడిగి చెయ్యండి. పరగడుపున వికారం పెడితే ఓ అరటిపండు ముక్కో, గుప్పెడు మరమరాలో తిని వేసుకోవచ్చు. ఐరన్ మాత్రలు కూడా ఈ మందుని ఒంటబట్టనివ్వవు, వాటిని 2 గంటలైనా దూరంగా ఉంచండి.