మధ్యాహ్నమైతే ఆగిపోయే కంప్యూటర్: ప్రాసెసర్‌కు కొత్త కూలర్ కొనేముందు క్యాబినెట్ (కంప్యూటర్ పెట్టె) తెరిచి చూడండి

తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద స్లాబు కింది గదైతే రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. ఆ రోజుల్లో రిపేరుకు వచ్చేవాళ్లు చెప్పే మాట ఒకటే: "పొద్దున బాగానే ఉంటాదన్నా, మధ్యాహ్నమైతే ఆగిపోతాది."

సమస్య: బరువైన పని పెట్టిన కాసేపటికి స్లో అయిపోతుంది, ఫ్యాన్లు హోరుమంటాయి, ఒక్కోసారి దానంతట అదే ఆఫ్ అవుతుంది.

కంప్యూటర్ పనంతా చేసే చిప్ ప్రాసెసర్. దాని వేడి 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే అది తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే ఆగిపోతుంది. చాలామంది వెంటనే పెద్ద కూలర్, అంటే ప్రాసెసర్ మీద బిగించి దాని వేడి లాగే ఫ్యాన్ సెట్టు, కొనేస్తారు. ఆ డబ్బు వృథా కాకూడదంటే ముందు ఈ పరీక్ష చేయండి. లోపలి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, మీ మామూలు పనే పావుగంట నడిపి వేడి ఎంతో రాసుకోండి. తర్వాత పక్క ప్యానెల్ తీసేసి అదే పని మళ్లీ పావుగంట నడపండి. ఎనిమిది, పది డిగ్రీలు తగ్గిందంటే తప్పు కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు.

గాలి ఆడకపోవడానికి నేను ఎక్కువగా చూసే కారణం ముందువైపు గాజు. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ గాలి దూరడానికి అంచుల్లో సన్నని సందే మిగులుతుంది. మన ఎండలకు ముందు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఇప్పుడే మార్చలేకపోతే, ఎండాకాలం వరకు ఆ ముందు ప్యానెల్ తీసి పక్కన పెట్టినా తేడా తెలుస్తుంది.

రెండోది తిరగబడ్డ ఫ్యాన్. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఒకాయన సిస్టమ్‌లో ఐదు ఫ్యాన్లున్నాయి, అయినా లోపల పొయ్యిలా ఉంది. వెనక ఫ్యాన్ గాలిని బయటికి తోయాల్సింది పోయి, గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు తయారుచేసే భాగం) వెనక నుంచి వచ్చే వేడి గాలినే మళ్లీ లోపలికి లాగుతోంది. నాలుగు స్క్రూలు విప్పి తిప్పి బిగిస్తే సరిపోయింది. మీరూ చూసుకోండి: ఫ్యాన్‌లో ప్లాస్టిక్ కమ్మీలు అడ్డంగా ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. అనుమానముంటే టిష్యూ పేపర్ ముక్క దగ్గర పెట్టండి. ముందువైపు, కింద ఉన్న ఫ్యాన్లు లోపలికి లాగాలి. వెనక, పైన ఉన్నవి బయటికి తోయాలి.

మదర్‌బోర్డుకు (భాగాలన్నీ బిగించే పెద్ద బోర్డు) వెళ్లే లావుపాటి 24 పిన్నుల వైరు ముందువైపు ఫ్యాన్లకు అడ్డంగా వేలాడుతుంటే, ఆ బోర్డు బిగించిన ప్లేటు వెనక నుంచి తిప్పి కట్టేయండి.

సమస్య: పోయినేడాది బాగానే ఉంది, ఈ ఏడాదే వేడెక్కుతోంది.

ఇది దుమ్ము. కొత్త క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కింద ఉంటుంది, నేల నుంచే గాలి పీలుస్తుంది. నేల మీద పెడితే చీపురు లేపే దుమ్మంతా దాని ఫిల్టర్‌కే పడుతుంది. జానెడు ఎత్తు స్టాండు మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. పూజగది పక్కనే ఉంటే మరో ఇబ్బంది: సాంబ్రాణి పొగకు దుమ్ము జిగటగా అతుక్కుంటుంది, బ్లోయర్‌కు ఊడదు, మెత్తని బ్రష్ కావాలి. ధూపం మానక్కర్లేదు, కంప్యూటర్‌ను జరిపితే చాలు.

బ్లోయర్ కొట్టేముందు ప్లగ్ తీసేయండి. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఫిల్టర్లను నీళ్లతో కడగవచ్చు, కానీ పూర్తిగా ఆరాకే బిగించాలి.

సమస్య: ప్యానెల్ తీసినా వేడి తగ్గలేదు.

ముందు కూలర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతుంటే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించడానికి రెండింటి మధ్య పూసే ముద్ద) ఎండిపోయి ఉండొచ్చు, లేదా కూలర్ ఒక పక్క వదులై ఉండొచ్చు. పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించండి. ఒక్క విషయం: ఫ్యాన్ ఎంత మంచిదైనా గది వేడి కంటే కిందికి దించలేదు. గదే 38 డిగ్రీలుంటే, పనేమీ లేనప్పుడు ప్రాసెసర్ 50 చూపించినా టెన్షన్ పడకండి. పని పెట్టినప్పుడు మళ్లీ 95కి పోతుంటేనే కొత్త కూలర్ సంగతి ఆలోచించండి.