బ్యాగులు కూర్చున్న సీట్లు: షేర్డ్ ఆఫీసులో చిక్కులు, మరమ్మతులు

చెన్నై నుంచి తిరుపతికి మారిన ఒక కంపెనీకి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక అంతస్తు సిద్ధం చేశాం. ఎవరికీ సొంత సీటు ఉండదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. మొదటి నెలలో వచ్చిన ఫిర్యాదులన్నీ బల్లలు, కుర్చీల మీదే. తప్పులు మాత్రం వేరేచోట దొరికాయి.

సీట్లు చాలడం లేదు

ఉదయం పదింటికి అంతస్తంతా ఓసారి తిరగండి. మనుషులున్న సీట్లెన్ని, బ్యాగులు మాత్రమే ఉన్న సీట్లెన్ని? రెండూ విడివిడిగా రాసుకోండి.

బ్యాగులే ఎక్కువైతే సామాను పెట్టుకునే చోటు లేదన్నమాట. మా ఊళ్లో ఎక్కువమంది బండ్ల మీదే వస్తారు. హెల్మెట్, రెయిన్‌కోటు, క్యారియర్ వెంట ఉంటాయి. మేం తెప్పించిన లాకర్లలో హెల్మెట్ పట్టలేదు, ఆ తప్పు మాదే. లోపల కనీసం 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. లోతు చూసుకోండి, తలుపుకు గాలి రంధ్రాలు పెట్టించండి. క్యారియర్లకు ప్యాంట్రీ దగ్గర వేరే అర ఇవ్వండి, లేదంటే ఒకరి ఎర్రగడ్డ కారం వాసన లాకర్ల వరసంతా పట్టేస్తుంది.

నిజంగా మనుషులే ఎక్కువైతే మోసం చేసింది సగటు. 60 మందిలో రోజుకు సగటున 36 మంది వస్తున్నారని 40 సీట్లు వేశారనుకోండి. సోమవారం 50, తర్వాత వరసగా 42, 38, 30, శుక్రవారం 20 మంది వచ్చినా సగటు 36 అనే చూపిస్తుంది. రెండు నెలల హాజరు తీసి రద్దీ రోజును బట్టి లెక్క కట్టండి. ఇల్లు చెన్నైలోనే ఉంచుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లంతా ఒకే రోజులు ఎంచుకుంటారు, కాబట్టి టీములకు రోజులు పంచాలి. ప్యాంట్రీ బల్లలకు ప్లగ్గులు పెట్టిస్తే మిగిలిన నలుగురైదుగురు అక్కడ సర్దుకుంటారు. సీటు బుకింగ్ యాప్ మాత్రం ఇంత చిన్న ఆఫీసుకు దండగ అంటాను. బుక్ చేసి రానివాళ్లే కొత్త బ్యాగులు.

మీటింగు గదిలో మాట బయటికి వినిపిస్తోంది

అందరూ మొదట గాజు మందం పెంచమంటారు. ఆగండి. గదిలో ఫోన్లో పాట పెట్టి తలుపు మూయండి. బయట నిచ్చెన వేసి ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి లేపి చెవి పెట్టండి. పాట స్పష్టంగా వినబడితే గోడ సీలింగ్ దాకే ఉంది, మాట దాని మీదుగా దూకి వస్తోంది. గోడను శ్లాబు దాకా లేపి, మధ్యలో రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని) నింపి, వైర్లూ పైపులూ దూరిన సందులు సీలెంట్‌తో పూడ్చాలి. తర్వాత తలుపు కింద చూడండి. అక్కడ వేలు దూరే సందుంటే పైన చేసిన పనంతా నీళ్లపాలే, తలుపు మూయగానే కిందికి దిగే రబ్బరు సీలు బిగించండి.

గది లోపలే మాట గింగురుమంటుంటే అది వేరే సంగతి. దానికి గుడ్డ చుట్టిన ప్యానెళ్లు, కార్పెట్ పనిచేస్తాయి. గోడకు ఫోమ్ ముక్కలు అంటించినంత మాత్రాన బయటికెళ్లే మాట ఆగదు. ఈ రెంటినీ కలిపేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మధ్యాహ్నం మీటింగులో ఆవులింతలు

నేరమంతా భోజనం మీదికి నెట్టేస్తారు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు 1000 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వెయ్యి పాళ్లు) దాటితే గాలి మారడం లేదనే. బయటి గాలిని వడకట్టి లోపలికి పంపే ఫ్యాను, పాత గాలి పోయే దారి, రెండూ కావాలి.

పడమటి సీట్లు ఎప్పుడూ ఖాళీ

మే నెలలో మూడింటికి అక్కడ పావుగంట కూర్చోండి, తెలుస్తుంది. లోపలి బ్లైండ్లు వెలుతురును ఆపుతాయి గానీ అప్పటికే అద్దం దాటిన వేడిని ఆపలేవు. బయట నీడ తెర కట్టాలి. మా బిల్డింగ్ ఓనరు ఒప్పుకోలేదు, లాకర్లూ ప్రింటరూ అటు మార్చి మనుషుల్ని ఇటు తెచ్చాం.

వైఫై గీతలు నిండుగా ఉన్నా కాల్ తెగుతోంది

వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. పై అంతస్తు వాళ్లూ వాటి మీదే ఉంటారు. ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు మార్చండి, మీటింగు గదులకు కేబుల్ వేయండి.

తేదీ దగ్గరపడింది, సామాను రాలేదు

ఆషాఢంలో కొత్త ఆఫీసులోకి మారొద్దని పెద్దసారు అంటే వాదించకండి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ వారంలో మాత్రం ముహూర్తం ఎంత బాగున్నా లారీ పిలవొద్దు. మా బల్లలు ఆ రాత్రంతా రేణిగుంట రోడ్డులో లారీలోనే పడుకున్నాయి.