పాత తుపాకీ విడిభాగాలు గుర్తుపట్టడం – 4వ పాఠం: పలక మీది కన్నాలు, మూడు స్ప్రింగులు

పోయిన పాఠంలో గొట్టం చూశాం. ఈసారి లాక్. గొట్టం పక్కన కొయ్యలో కూర్చునే ఇనప పలక, దానికి బిగించిన స్ప్రింగులు, సుత్తి అన్నీ కలిపి లాక్ అంటారు. మందుకి నిప్పు అంటించే పని దీనిదే.

పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు వ్యాపారం పెట్టిన నేల మనది. 1758 డిసెంబరులో గోదావరి డెల్టాకి ఉత్తరాన చందుర్తి దగ్గర ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు తలపడ్డాయి. కాబట్టి పాత ఇనుము కొట్లో తలుపు బందుల మధ్య ఓ వింత పలక కనిపిస్తే తీసి పక్కన పెట్టండి.

పలక దొరకగానే అందరూ ముద్ర కోసం వెతుకుతారు. ముద్ర తర్వాత, ముందు కన్నాలు చూడండి. చెకుముకి లాక్ అయితే సుత్తికి ముందు రంజకం (ముందుగా నిప్పు అందుకునే మందు) పోసే చిన్న పళ్లెం ఉంటుంది. దాని ముందు, రాయి తగిలి నిప్పురవ్వలు రాల్చే ఉక్కు మూతకి ఒక స్క్రూ కన్నం, ఆ మూత స్ప్రింగుకి ఇంకోటి. క్యాప్ లాక్‌కి ఇవేవీ అక్కర్లేదు, అందులో సుత్తి దెబ్బకి పేలే చిన్న టోపీయే మందుని అంటిస్తుంది. పలక పైఅంచున అర్ధచంద్రంలా కోత ఉంటే చాలు. మరి కోతా ఉండి, ముందువైపు పూడ్చేసిన గుండ్రటి మచ్చలూ కనబడితే? అది చెకుముకి లాక్‌ని తర్వాత క్యాప్‌కి మార్చింది. వేలితో తడిమితే మచ్చ అంచు తెలియదు. పలకని కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకోండి, అప్పుడు రంగు తేడా పట్టిస్తుంది.

స్ప్రింగు ఒక్కటే దొరికితే? మూడూ మడతపెట్టిన పట్టీలే, అందుకే తికమక. అన్నిటికన్నా పెద్దది, ఒక చివర కొక్కెం ఉన్నది మెయిన్ స్ప్రింగ్. అన్నిటికన్నా చిన్నది, స్క్రూ కన్నం ఉన్నది లోపల ట్రిగ్గర్ మీటని నొక్కి ఉంచేది. మధ్యరకం, స్క్రూ కన్నం ఉన్నది ఉక్కు మూతది. ఇది పలక బయట ఉంటుంది కాబట్టి పైకి కనిపించే వైపు నునుపు చేసి ఉంటుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టినా ఆ తేడా చాలాసార్లు మిగులుతుంది. వీటిని చేత్తో విప్పదీయకండి, పుటుక్కున విరుగుతాయి.

ఇప్పుడు ముద్ర. ఈస్టిండియా కంపెనీది గుండె ఆకారంలో నాలుగు గదులు, పైన 4 అంకెలా ఉంటే 1808కి ముందుది. కిరీటం పట్టుకున్న సింహమైతే ఆ తర్వాతది. కొత్తగా చేసి పాతదని అమ్మే పలకల మీద కూడా సింహం బ్రహ్మాండంగా ఉంటుంది, అందుకే ముద్రని చివరికి పెట్టాను. గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు. కిరసనాయిలు, మెత్తటి గుడ్డ చాలు.

పూర్తి తుపాకీయే దొరికితే మాత్రం గొట్టంలో మందు ఉందనుకునే పక్కన పెట్టి, పోలీసులకి చెప్పండి. వచ్చే పాఠంలో ఇత్తడి సామాను.