పాత జిప్సం సీలింగ్‌ని మనమే బాగుచేసుకోవడం

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కాశీబుగ్గ ఇంట్లో డాబా పగుళ్లలోంచి నీళ్లు దిగి, హాల్లో జిప్సం సీలింగ్ మీద పసుపు మరకలు పడ్డాయి, ఒక మూల బోర్డు పొట్టలా కిందికి ఉబ్బింది. నేనేం చేశాను? కారుతుండగానే పుట్టీ పూసేశాను. తర్వాతి వానకి అదంతా పెచ్చులుగా ఊడి సోఫా మీద పడింది. కాబట్టి ముందు డాబా పగుళ్లు మూయించండి, సంక్రాంతి దాటి ఎండలు ముదిరాక సీలింగ్ పని పెట్టుకోండి.

ఒక్క మాట, మీది జిప్సం కాకుండా పాత సిమెంటు రేకు సీలింగ్ అయితే కోయకండి, గీకకండి, అందులో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన నార) ఉండొచ్చు.

మెయిన్ ఆపి, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని బోర్డుని వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉండి మరక మాత్రమే ఉంటే కోయక్కర్లేదు. నానిన అట్టలా మెత్తగా ఉంటే, పైన కరెంటు వైర్లు ఎటు వెళ్తున్నాయో చూసుకుని, రెండు పక్కలా జీఐ చానెల్ (బోర్డు బిగించే ఇనుప పట్టీ) మధ్య వరకు చదరంగా కోసేయండి, అంతే సైజు 12.5 మి.మీ. మందం బోర్డు ముక్క పెట్టి జానెడుకొక స్క్రూ బిగించండి. స్క్రూ తల కాగితం చిరగకుండా కొంచెం లోపలికి దిగాలి. ఈ పనికి ఇంకో మనిషి ఉండాల్సిందే, మా బావమరిది తలమీద బోర్డు మోస్తూ నన్ను తిట్టని తిట్టు లేదు.

అతుకుల మీద గోడ పుట్టీ వాడకండి, చిట్లుతుంది. జాయింట్ కాంపౌండ్ (జిప్సం బోర్డు అతుకులకు వాడే ముద్ద) పలుచగా పూసి, అతుకుల టేపు అందులో ఒత్తి, ఆరాక ఇంకో రెండు పూతలు వేయండి, ప్రతిదీ ముందుదానికంటే వెడల్పుగా, చివరిది అడుగు వెడల్పు దాకా. మందంగా ఒకేసారి లాగేద్దామనుకుంటే పగుళ్లు ఖాయం. ఆరాక 150 నంబరు ఎమిరీ పేపరుతో మెల్లగా రుద్ది, మరకలున్న చోట ఆయిల్ ప్రైమర్ కొట్టండి. లేదంటే మామూలు ప్రైమర్ మీద ఆ పసుపు మళ్లీ బయటికి వస్తుంది. మిగతా సీలింగ్‌కి మామూలు ప్రైమర్ చాలు.

ఇక టెక్స్చర్, అంటే సీలింగ్ మీద చుక్కలు చుక్కలుగా ఉండే గరుకు పూత. అతికిన చోట మాత్రమే వేస్తే కిటికీ వెలుతురుకి అతుకు దొరికిపోతుంది, పాతదానితో ఎంత కష్టపడ్డా కలవదు, గది మొత్తం వేయాల్సిందే. కాంపౌండ్‌ని దోసెల పిండి కంటే కాస్త చిక్కగా కలిపి, ముందు మిగిలిన బోర్డు ముక్క మీద టెక్స్చర్ రోలర్ తిప్పి చేయి అలవాటు చేసుకోండి. పొడి కాంపౌండ్ అయితే బకెట్‌లోనే గట్టిపడిపోతుంది, కొంచెం కొంచెమే కలపండి. చుక్కల మొనలు నచ్చకపోతే, తడి మెరుపు తగ్గాక వెడల్పాటి బ్లేడుతో పైపైన లాగండి. ఫ్యాను వేసి ఆరబెట్టకండి, మరునాడు రంగు వేసుకోవచ్చు.