ఓరుగల్లు రాజధానిని ఒక్క రోజులో ఎలా చూడాలి?

వరంగల్ చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆటోలో ఖిలాకు వెళ్తారు, తోరణం ముందు ఫొటో దిగుతారు, వేయి స్తంభాల గుడిలో దండం పెట్టుకుని బండెక్కుతారు. చిన్నప్పుడు మమ్మల్ని బడి నుంచి తీసుకెళ్లినప్పుడూ అంతే జరిగింది. పెద్దయ్యాక ఒక్కో చోటుకీ మళ్లీ మళ్లీ నడిచి వెళ్తుంటే ఒక సంగతి తెలిసొచ్చింది. ఈ రాజధానిని కట్టిన వరుసలోనే చూడాలి. కాకతీయులు ముందు హనుమకొండ నుంచి ఏలారు. గణపతిదేవుడి కాలంలో రాజధాని ఓరుగల్లుకు మారింది. మనమూ అట్లాగే పొద్దున హనుమకొండలో మొదలుపెట్టి, సాయంత్రానికి ఖిలా చేరుకోవాలి.

బయలుదేరే ముందు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం గుడి బండల మీద వట్టి కాళ్లతో నిలబడలేం. ఒకసారి మే నెలలో పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, అరికాళ్లు కాలి వాళ్లు ఏడుస్తుంటే మధ్యలోనే తిరిగొచ్చాను. అప్పటి నుంచి బ్యాగులో పాత సాక్సులు పెట్టుకుంటున్నాను. వాటితో పాటు చిన్న టార్చిలైటు, నీళ్ల సీసా ఉంటే చాలు.

హైదరాబాద్ వైపు నుంచి రైల్లో వస్తే కాజీపేటలో దిగండి. పోయేటప్పుడు వరంగల్ స్టేషన్‌లో ఎక్కండి. ఖిలా ఆ స్టేషన్‌కే దగ్గర, కాబట్టి వెనక్కి తిరిగే పని ఉండదు.

మొదట పద్మాక్షి గుట్ట

హనుమకొండలో ఎండ ముదరక ముందే గుట్ట ఎక్కేయండి. బతుకమ్మ పండుగకు ఊరంతా కదిలి వచ్చేది ఇక్కడికే. మామూలు రోజుల్లో పొద్దున ప్రశాంతంగా ఉంటుంది. అమ్మవారి దర్శనం అయ్యాక రాతి మీద చెక్కిన జైన తీర్థంకరులను చూడండి. కడలాలయ బసది అనే జైన గుడి గురించి చెప్పే 1117 నాటి శాసనం ఈ గుట్ట మీదే ఉంది. శివుడికి పెద్ద పెద్ద గుళ్లు కట్టడానికి ముందు ఈ ఊళ్లో జైనం ఎంత బలంగా ఉండేదో ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

తర్వాత వేయి స్తంభాల గుడి

ఇక్కడ కనీసం గంటన్నర ఉండండి. స్తంభాలు లెక్కపెట్టే పని పెట్టుకోకండి. ఒక్క స్తంభం ముందు నిలబడి కింది నుంచి పైదాకా చూడండి. నల్లరాతిని చెక్కి, మన నీడ కనబడేంత నున్నగా చేశారు. తర్వాత తల పైకెత్తి, టార్చి వేసి పైకప్పు చూడండి.

రుద్రదేవుడు కట్టించిన ఈ గుడి త్రికూటం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. ఇప్పుడు పూజ జరిగేది శివుడికే. ఆవరణలో ఉన్న 1163 నాటి శాసనం దగ్గర కాసేపు ఆగండి. అక్షరాలు చదవలేకపోయినా పరవాలేదు. కాకతీయులు ఇంకొకరికి లోబడకుండా సొంతంగా ఏలడం మొదలుపెట్టారని చరిత్రకారులు చెప్పేది ఆ రాయిని బట్టే.

నంది అవతల ఉన్న కల్యాణ మండపానిది ఇంకో కథ. ఇసుక నింపిన పునాది మీద కట్టిన ఆ మండపం కుంగిపోవడంతో 2006లో రాళ్లు విప్పడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఆ రాళ్లు బయటే ఉన్నాయి. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. అందులో అడుగుపెట్టిన రోజు నా కళ్లు చెమర్చాయి.

చౌరస్తా దగ్గర భోజనం చేసి, భద్రకాళి చెరువు గట్టున కాసేపు కూర్చోండి.

మూడింటికి ఖిలాకు

ఆటో అతను నేరుగా తోరణాల దగ్గర దింపుతానంటాడు. వద్దని, "రాతి కోట దర్వాజ ముందే ఆపన్నా" అని చెప్పండి. అప్పటికే మీరు మట్టికోటను దాటి వచ్చి ఉంటారు. చెట్లు మొలిచిన పొడవాటి దిబ్బలా ఉంటుంది, చెప్పేవాళ్లు లేకపోతే గుర్తుపట్టలేం. దాని లోపల నీళ్లున్న అగడ్త, ఆ లోపల రాతి కోట. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ గోడను రుద్రమదేవి పూర్తి చేయించింది. రాళ్ల మధ్య సున్నం లేదు, ఒకదాని మీద ఒకటి అట్లా కూర్చున్నాయి. దర్వాజలో దారి నేరుగా సాగదు, మలుపు తిరుగుతుంది. ఏనుగులు, గుర్రాలతో వచ్చే శత్రువు ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఉపాయం అది. నడిచి లోపలికి వెళ్తేనే ఇది తెలుస్తుంది. గోడ లోపలి వైపు మెట్ల వరుసలు కూడా చూడండి, సైనికులు పైకి ఎక్కింది వాటి మీదే.

లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. ఇళ్ల ముందు ఫొటోలు తీసేటప్పుడు ఒక మాట అడగడం మర్యాద.

తోరణాలున్న ఆవరణకు టికెట్ ఉంటుంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది వీటి రూపమే. ఫొటో అయ్యాక కళ్లు కిందికి దించండి. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాక, మధ్యలో ఉన్న స్వయంభూ శివుడి గుడి నేలమట్టమైంది. దాని పైకప్పు పద్మాలు, విరిగిన స్తంభాలు, ఏనుగులు, హంసలు అన్నీ నేల మీదే ఉన్నాయి. వాటి మీద ఎక్కి కూర్చోకండి, పిల్లలనూ ఎక్కనివ్వకండి. ఒక తోరణం దగ్గర నిలబడి ఎదుటి తోరణాన్ని చూస్తే, మధ్యలో లేని గుడి ఎంత పెద్దదో మనసుకు అందుతుంది.

అక్కడి నుంచి ఖుష్ మహల్ అనే పాత రాతి భవనం నాలుగడుగులే. 16వ శతాబ్దం మొదట్లో ఇక్కడ ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో దీన్ని చెప్తారు. గోడల వాలును చూసి, కోటను పట్టుకున్న ఢిల్లీ తుగ్లకుల కాలానిదే అనేవాళ్లూ ఉన్నారు. లోపల భద్రపరిచిన శిల్పాలను టార్చి వెలుగులో నిదానంగా చూడండి.

చివరికి ఏకశిల గుట్ట ఎక్కండి. ఊరికి ఓరుగల్లు, ఏకశిలానగరం అనే పేర్లు తెచ్చిపెట్టిన ఒంటి బండ ఇదే. పొద్దు వాలుతుండగా పై నుంచి చూస్తే మీరు రోజంతా నడిచిన దారి కనబడుతుంది. చీకటి పడకముందే దిగండి, మెట్ల మీద జాగ్రత్త. రామప్పను ఇదే రోజులో ఇరికించకండి, దానికి ఇంకో పూట పెట్టుకోండి.