చైనా వెళ్లేముందు తెలుగు ఒత్తులు దిద్దుకోండి

ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత ఒత్తులు దిద్దించాను. 'ఖడ్గం' రాయమంటే 'కడ్గం' రాసినవాళ్ల చేత పదేసిసార్లు రాయించాను. ఆ ఒత్తులే రిటైరయ్యాక చైనాలో టమాటాలు కొనడానికి అక్కరకొస్తాయని కలలో కూడా అనుకోలేదు.

మా అమ్మాయి వాళ్లు సుజౌలో ఉంటారు. షాంఘై పక్కనే, హైస్పీడ్ రైల్లో అరగంట. రెండు నెలలు ఉండి వద్దామని వెళ్లాను. పొద్దున్నే కూతురూ అల్లుడూ ఆఫీసుకి, మనవరాలు బడికి వెళ్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. ఫోన్‌లో అనువాదం యాప్ వేసిచ్చారు, కాదనను. కానీ ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో గొడుగు, ఎదురుగా గబగబా మాట్లాడే కూరగాయలావిడ. ఫోన్ తీసి, కళ్లజోడు వెతుక్కుని, మీట నొక్కేలోపు వెనక ముగ్గురు చేరతారు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకుని ఓ నలభై మాటలు నేర్చుకున్నాను. ప్రయాణానికి అంతకన్నా అక్కర్లేదు కూడా.

నేను ముందుగా చెప్పేది ఒకటే. ఆ మాటల్ని తెలుగులో రాసుకోండి.

చైనీస్‌ని రోమన్ లిపిలో రాసే పద్ధతికి పిన్‌యిన్ అని పేరు. 1958 నుంచి అక్కడ అధికారికంగా వాడుకలో ఉంది. స్టేషన్ పేర్ల కింద, వీధి బోర్డుల మీద కనిపించేది అదే. చిక్కేమిటంటే, చూడగానే మనం దాన్ని ఇంగ్లీషులా చదివేస్తాం. అక్కడ 'బి' అక్షరం ఉన్నచోట పలికేది 'ప'. 'పి' ఉన్నచోట పలికేది అదే 'ప', ఒత్తుతో. 'డి' అంటే త, 'టి' అంటే థ. 'జి' అంటే క, 'కె' అంటే ఖ. 'జె' అంటే చ, 'క్యూ' అంటే ఛ. మనం బీజింగ్ అంటున్న ఊరిని వాళ్లు 'పేయ్ చింగ్' అంటారు. వాళ్లు చూసేది ఒత్తు లేని అల్పప్రాణమా, ఒత్తున్న మహాప్రాణమా అన్న తేడానే. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకి అది పట్టుబడటం కష్టం. మనకి వర్ణమాలలోనే ఉంది, వాడటం మానేశామంతే.

ఒక చిన్న కాగితం ముక్క పెదాలకి బెత్తెడు దూరంలో పట్టుకోండి. 'ప' అన్నప్పుడు కాగితం కదలకూడదు. 'ప్హ' అన్నప్పుడు ఊగాలి. ('ఫ' అని రాస్తే మీరు ఎఫ్ పలుకుతారని ఇలా రాశాను.) క, ఖ, చ, ఛ కూడా ఇలాగే చేసి చూడండి. కాగితం ఊగకపోతే మీరు పలికింది ఒత్తు కాదు.

ఇంకో బహుమతి కూడా ఉంది. పిన్‌యిన్‌లో 'జెడ్' అక్షరం అచ్చంగా మన 'చాప', 'చుక్క'లలో వచ్చే చ. పాత పుస్తకాల్లో దాని మీద రెండు అంకె వేసి ౘ అని రాసేవారు. నేనూ అలాగే రాస్తాను. 'సి' అక్షరం అదే ౘ, ఒత్తుతో. 'ఎక్స్' అక్షరం మన శ, 'ఎస్, హెచ్' కలిస్తే మన ష. శకటరేఫం ఱ అయితే 'ఆర్' కోసం మళ్లీ కొలువులోకి వచ్చింది. నాలుక బాగా వెనక్కి మడిస్తే చాలు, వాళ్లకి తెలుస్తుంది. 'జెడ్, హెచ్' కలిసి వస్తే నాలుక మడిచి 'ట్ష'.

ఇక స్వరాలు. మాటలోని ప్రతి ముక్కనీ నాలుగు రకాల గొంతుతో పలకొచ్చు, గొంతు మారితే అర్థం మారుతుంది. 'మా' అన్న ఒక్క ముక్కే ఒక గొంతుతో అమ్మ, ఇంకో గొంతుతో గుర్రం. భయపడకండి, నాలుగూ మీకొచ్చు. మొదటిది శ్రుతి పట్టుకున్నట్టు పైన నిలకడగా, 'సా…' అన్నట్టు. రెండోది వినపడక 'ఆఁ?' అన్నప్పటిలా పైకి లేస్తుంది. మూడోది ఎవరో సోది చెబుతుంటే 'ఊ…' కొట్టినట్టు కిందనే నడుస్తుంది. నాలుగోది 'ఛీ!' అన్నట్టు టక్కున పడుతుంది.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఓ చిన్న హోటల్లో టమాటా సూప్ అడిగాను. సూప్‌ని 'థాంగ్' అంటారు, మొదటి స్వరం. సరిగ్గా అంటున్నానో లేదో అన్న బెదురుతో చివర్లో గొంతు లేపి 'థాంగ్?' అన్నాను. ఆ అబ్బాయి పంచదార తెచ్చి పెట్టాడు. రెండో స్వరంలో 'థాంగ్' అంటే పంచదార! తప్పేమో అనిపించినప్పుడు మన గొంతు దానంతటదే ప్రశ్నలా లేస్తుంది. అక్కడ లేచిందా, మాటే మారిపోతుంది. తప్పయినా సరే, ధీమాగా అనండి.

వ్యాకరణం మాత్రం మనకి చుట్టమే. 'ఉందా?' అంటే 'ఉంది', 'లేదు' అంటాం కదా, వాళ్లూ అంతే. ఔను, కాదు అని విడిగా వెతుక్కోనక్కర్లేదు, అడిగిన క్రియనే తిప్పి చెప్పాలి. 'యొవ్ మా?' అంటే ఉందా? 'యొవ్' అంటే ఉంది. 'మేయ్ యొవ్' అంటే లేదు. చివర్లో ఆ 'మా' మన ప్రశ్నలోని 'ఆ' చేసే పనే చేస్తుంది. 'యావ్' అంటే కావాలి, 'పూ యావ్' అంటే వద్దు. వేలు చూపించి 'ట్ష క' అంటే ఇది, 'నా క' అంటే అది. వాళ్లు మాట తోచనప్పుడు 'నా క… నా క…' అంటూ నసుగుతారు, మనం 'అదీ… అదీ…' అన్నట్టు. అది విన్నప్పుడు దేన్నో చూపిస్తున్నారని వెనక్కి తిరిగి చూడకండి. నేను చూశాను.

పలకరింపుకి 'నీ హావ్', థాంక్సుకి 'శ్యే శ్య', పొరపాటుకి 'తుయ్ పు ఛీ'. ఇవి ఎవరైనా చెబుతారు, దాటిపోదాం.

బజారు దగ్గర మాత్రం నిలబడాలి. 'తువో షావ్ ఛ్యెన్?' అంటే ఎంత? అడగడం రెండు నిమిషాల్లో వస్తుంది. జవాబు అర్థం కావడమే అసలు చదువు. అందుకే అంకెలు ముందు నేర్చుకోండి: యీ, అర్, సాన్, స్స, వూ, ల్యొవ్, ఛీ, పా, చ్యొవ్, షర్. పదకొండు అంటే షర్ యీ, ఇరవై అంటే అర్ షర్, ఇరవై ఒకటి అర్ షర్ యీ. అంతే, తొంభై తొమ్మిది దాకా వచ్చేసినట్టే. రెండు వస్తువులు కావాలంటే మాత్రం 'అర్' అనకూడదు, 'ల్యాంగ్ క' అనాలి. ఫోన్ నంబర్లలో, గది నంబర్లలో ఒకటిని 'యావ్' అంటారు. డబ్బుని రాసేటప్పుడు యువాన్ అని రాసినా, నోటితో 'ఖ్వాయ్' అంటారు. 'షర్ పా ఖ్వాయ్' అంటే పద్ధెనిమిది యువాన్లు.

గోలంతా నాలుగుతోనూ పదితోనూ. పద్నాలుగు 'షర్ స్స', నలభై 'స్స షర్'. ఆ ప్రాంతాల్లో చాలామందికి ష పలకదు, స అంటారు. రెండూ ఒకేలా వినిపిస్తాయి. అప్పుడు చేతివేళ్లే గతి. వాళ్లు ఒక్క చేత్తోనే పది దాకా చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు కలిపితే ఏడు. బొటనవేలు, చూపుడువేలు తుపాకీలా చాపితే ఎనిమిది. చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది. పదికి పిడికిలి చూపిస్తారు, లేదా రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెడతారు. మొదటిరోజు టమాటాలావిడ తుపాకీ చూపిస్తే రెండు వేళ్లు కదా అని రెండు యువాన్లు చేతిలో పెట్టాను. ఆవిడ నవ్వి, నా చెయ్యి పట్టుకుని, నా వేళ్లనే ఒక్కొక్కటీ వంచి ఎనిమిది దాకా లెక్కపెట్టింది. బడిలో నేను చేసే పనే అది.

ఇంకొకటి గమనించండి. కూరగాయలకి, పళ్లకి చెప్పే ధర కిలోకి కాదు, 'చిన్'కి. చిన్ అంటే అరకిలో. ధర ఎక్కువనిపిస్తే 'థాయ్ క్వేయ్ ల', మరీ ఖరీదు అని. 'ప్హ్యెన్ యీ త్యెన్' అంటే కాస్త తగ్గించండి. సంతలో అనొచ్చు, సూపర్‌మార్కెట్లో అంటే చూసి నవ్వుతారు.

డబ్బు దాదాపు అంతా ఫోన్‌తోనే. 'వేయ్ శిన్' అంటే వీచాట్, 'ట్షర్ ఫూ పావ్' అంటే అలీపే, రెండూ డబ్బు కట్టే యాప్‌లే. కౌంటర్ దగ్గర 'సావ్ మా' అన్న మాట వినిపిస్తుంది, కోడ్ స్కాన్ చేయమని. 'వో సావ్ నీ' అంటే నేను మీది స్కాన్ చేస్తాను. నోట్లు ఇవ్వాలంటే 'శ్యెన్ చిన్ ఖయీ మా?', రొక్కం తీసుకుంటారా?

తిండి సంగతి. నేను గుడ్డు తింటాను, మాంసం తినను. 'వో ఛర్ సూ' అంటే శాకాహారం తింటాను. అక్కడితో ఆగితే లాభం లేదు. మాంసాన్ని 'ఱొవ్' అంటారు, ఏ మాంసమో చెప్పకుండా ఊరికే ఱొవ్ అంటే మామూలుగా పందిమాంసం. కోడి అయితే 'చీ ఱొవ్'. బీన్స్ వేపుడులోనో, తోఫు (సోయా పనీర్) కూరలోనో రుచికోసం సన్నగా తరిగిన ఱొవ్ వేస్తారు, అది వాళ్ల లెక్కలో మాంసం కూర కాదు. అందుకని కూర చూపించి మరీ అడగండి: 'లీ మ్యెన్ యొవ్ మేయ్ యొవ్ ఱొవ్?' లోపల మాంసం ఉందా లేదా? ఎక్కడా కుదరకపోతే బౌద్ధ ఆలయాల దగ్గర 'సూ ౘ్హాయ్ క్వాన్' ఉందేమో వెతకండి, అది పూర్తి శాకాహార హోటల్. టమాటా గుడ్డు వేపుడు దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది. సుజౌ వైపు 'ఫాన్ ఛ్యే ఛావ్ తాన్' అంటారు, ఉత్తరాన టమాటాకి పేరు వేరు, 'శీ హుంగ్ షర్'. అన్నం 'మీ ఫాన్'. కారం 'లా'. సుజౌ వంట తియ్యతియ్యగా ఉంటుంది, నేను 'యొవ్ లా చ్యావ్ మా?' అని మిరపకాయ అడిగి వేయించుకునేదాన్ని. సిచువాన్ వెళ్తే ఇది తిరగబడుతుంది, 'పూ లా' అని వేడుకోవాలి. హోటల్లోకి అడుగు పెట్టగానే 'చీ వేయ్?' అంటారు, ఎందరు? మనం ఇద్దరు, ముగ్గురు అని మనుషులకి వేరే లెక్క పెట్టుకున్నట్టే, వాళ్లకీ మర్యాదలెక్క ఉంది: 'ల్యాంగ్ వేయ్' అంటే ఇద్దరం. బిల్లుకి 'మాయ్ తాన్'. మిగిలింది పొట్లం కట్టమనడానికి 'తా పావ్'. మంచినీళ్లు అడిగితే వేడినీళ్లు వస్తాయి, అది వాళ్ల పద్ధతి. స్టేషన్లలో, రైళ్లలో 'ఖాయ్ ష్వేయ్' కుళాయి ఉంటుంది, మరిగిన నీళ్లు. ఫ్లాస్కు పెట్టుకోండి.

దారికి 'ౘాయ్ నార్?', ఎక్కడ? దక్షిణాన 'ౘాయ్ నాలీ?' అంటారు. 'శీ షొవ్ చ్యెన్ ౘాయ్ నాలీ?' అంటే బాత్‌రూం ఎక్కడ? చాలాచోట్ల లోపల కాగితం ఉండదు, సంచీలో పెట్టుకోండి. తలుపు మీద మగవాళ్ల అక్షరానికి పైన నాలుగు గళ్ల కిటికీ బొమ్మ ఉంటుంది. అది గుర్తుంటే చాలు, లేని తలుపు ఆడవాళ్లది. 'ఛూ ఖొవ్' బయటికి, 'ఱూ ఖొవ్' లోపలికి. ఖొవ్ అంటే నోరు, అక్షరం కూడా ఒట్టి చదరమే. లిఫ్టులో ఒకటి నొక్కితే వచ్చేది మన గ్రౌండ్ ఫ్లోరు.

స్టేషన్ పేరు చెప్పేటప్పుడు దిక్కు మింగేయకండి. తూర్పు తుంగ్, పడమర శీ, దక్షిణం నాన్, ఉత్తరం పేయ్. పేయ్ చింగ్ అంటే ఉత్తర రాజధాని, నాన్ చింగ్ దక్షిణ రాజధాని, అలా గుర్తు పెట్టుకోండి. నా టికెట్ 'సూ ట్షొవ్ పేయ్', అంటే సుజౌ ఉత్తర స్టేషన్ నుంచి. టాక్సీ ఎక్కి ధీమాగా 'సూ ట్షొవ్ ట్షాన్' అన్నాను, ట్షాన్ అంటే స్టేషన్. ఆయన పాపం చెప్పినచోటికే తీసుకెళ్లాడు, ఊళ్లో ఉన్న పెద్ద స్టేషన్‌కి. పేయ్ అన్నది ఊరికి ఉత్తరాన, దూరంగా, వేరే స్టేషన్. మెట్రో రెండో లైను పట్టుకుని వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది. తప్పు ఒకే ఒక్క ముక్క. డ్రైవర్‌ని 'షర్ ఫు' అని పిలవండి, మేస్త్రీ అన్నంత గౌరవం ఉన్న మాట. యాప్‌లో కారు పిలిస్తే ఎక్కగానే 'వేయ్ హావ్?' అంటారు. అది పలకరింపు కాదు, మీ ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు అడుగుతున్నారు. ముందే బట్టీ పట్టి ఉంచుకోండి. పాస్‌పోర్టు 'హూ ట్షావ్', రైలుకీ హోటల్‌కీ అదే అడుగుతారు.

అర్థం కాకపోతే 'థింగ్ పు తుంగ్', వింటున్నాను గానీ తెలియట్లేదు అని. 'మాన్ యీ త్యెన్' అంటే కాస్త నెమ్మదిగా. ప్రమాదంలో 'చ్యొవ్ మింగ్!', కాపాడండి. పోలీసుకి 110, అంబులెన్సుకి 120, అగ్నిమాపకానికి 119.

వారం రోజులు రోజూ అదే టమాటాలావిడ దగ్గర కొన్నాను. సంచీ అందుకుని తిరిగి నడుస్తుంటే ప్రతిసారీ వెనక నుంచి 'మాన్ ౘొవ్!' అనేది. మాన్ అంటే నెమ్మది అని నాకు అప్పటికి తెలుసు. ౘొవ్ అంటే నడవడం. నా మోకాళ్ల నొప్పి ఈవిడ కంట్లో కూడా పడిందా అని ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం మనవరాలితో అంటే పడీపడీ నవ్వింది. "అమ్మమ్మా, అది అందరికీ అంటారు. నిదానంగా వెళ్లి రండి అని!"