పూల్ పనులు క్రాన్‌జాబ్‌కు అప్పగించే ముందు

ఇంట్లో రెండు మూడు చిన్న మెషిన్లు కలిపి కుబర్నెటీస్ క్లస్టర్ (ప్రోగ్రాములను ఆ మెషిన్లన్నిటి మీదా పంచి నడిపే ఏర్పాటు) నడిపేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌కు (ఆ ఫైల్‌సిస్టమ్ డిస్కులను కలిపి కట్టే స్టోరేజీకి) నెలనెలా స్క్రబ్ (డేటా అంతా చదివి తప్పులు వెతికే పని) నడపడం, స్నాప్‌షాట్లు (డేటా ఆ క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచేవి) తీయడం, పాతవి తుడిచెయ్యడం, అన్నీ ఒక క్రాన్‌జాబ్‌లో (చెప్పిన వేళకు తనంతట తానే నడిచే కుబర్నెటీస్ పనిలో) పెట్టేస్తే పీడా విరగడవుతుంది కదా అని. పెట్టుకోండి. కాకపోతే అది మీరు నిద్రపోతున్నప్పుడు రూట్ అధికారంతో, అంటే మెషిన్ మీద ఏదైనా చేయగల అధికారంతో నడిచే స్క్రిప్టు. ఏ పని దాని చేతికివ్వాలో, ఏది ఇవ్వకూడదో ముందే తేల్చుకోవాలి.

నా లెక్క ప్రకారం పరీక్షించే పనులు స్క్రిప్టువి, తీర్పు చెప్పే పనులు మనిషివి. స్క్రబ్, స్మార్ట్ టెస్ట్ (డిస్క్ తనను తాను పరీక్షించుకోవడం), స్నాప్‌షాట్ తీయడం ధైర్యంగా అప్పగించవచ్చు (స్క్రబ్, స్మార్ట్‌లోని లాంగ్ టెస్ట్ రెండూ ఒకే రాత్రి వద్దు, డిస్క్ రెండిటి మధ్యా నలిగిపోతుంది). జెడ్‌పూల్ క్లియర్ కమాండ్ మాత్రం స్క్రిప్టులో రాయకండి. డిస్క్ మెల్లగా పాడవుతోందని చెప్పే ఎర్రర్ల లెక్కను అది ప్రతిసారీ సున్నా చేసేస్తుంది. జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కూడా అంతే. కొత్త ఫీచర్లు ఆన్ అయ్యాక, పాత జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ ఉన్న మెషిన్ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు. ముందుగా చెక్‌పాయింట్ (పూల్ మొత్తాన్ని వెనక్కి తిప్పగల గుర్తు) తీసుకోకపోతే వెనక్కి వచ్చే దారి లేదు.

అన్నిటికంటే ప్రమాదం బలవంతపు ఇంపోర్ట్, అంటే ఒక మెషిన్ పూల్‌ను బలవంతంగా తెరవడం. డిస్కులు రెండు నోడ్లకూ (క్లస్టర్‌లోని మెషిన్లకు) కనిపించే ఏర్పాటు ఉంటే, ఒక నోడ్ పలకడం లేదని రెండోది మైనస్ ఎఫ్ ఆప్షన్‌తో పూల్‌ను లాక్కోవడం తెలివైన పనిలాగే కనిపిస్తుంది. మొదటి నోడ్‌కు నెట్‌వర్క్ మాత్రమే పోయి, మెషిన్ బతికే ఉంటే? ఇద్దరూ ఒకే పూల్ మీద రాస్తారు, పూల్ పోతుంది. మల్టీహోస్ట్ ప్రాపర్టీ ఆన్ చేస్తే ఈ గండం నుంచి కాపలా ఉంటుంది. అది పనిచేయాలంటే ప్రతి నోడ్‌కూ హోస్ట్ ఐడీ (మెషిన్ గుర్తింపు సంఖ్య) వేరుగా ఉండాలి. ఒకే ఇమేజ్ నుంచి కాపీ కొట్టిన మెషిన్లయితే అది ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఎక్కువమంది మోసపోయే చోటు. జెడ్‌పూల్ స్క్రబ్ కమాండ్ పని మొదలుపెట్టి వెంటనే తిరిగొచ్చేస్తుంది. జాబ్ రెండు సెకన్లలో కంప్లీటెడ్ అని చూపిస్తుంది, అసలు స్క్రబ్ ఇంకా గంటల తరబడి నడుస్తూ ఉంటుంది. నేను చాలాకాలం ఆ ఆకుపచ్చ టిక్కు చూసుకుని మురిసిపోయాను. ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.0 నుంచి మైనస్ డబ్ల్యూ ఆప్షన్ ఉంది, స్క్రబ్ ముగిసేదాకా కమాండ్ ఆగుతుంది. ముగిశాక జెడ్‌పూల్ స్టేటస్ చదివి, తేడా ఉంటే జాబ్‌ను ఫెయిల్ చేయించాలి. ఇంకో సంగతి, స్క్రబ్ నడిచేది హోస్ట్ మెషిన్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో). కంగారుపడి పాడ్‌ను (జాబ్ నడిచే కంటైనర్‌ను) డిలీట్ చేసినా అది ఆగదు. కాసేపు ఆపడానికి మైనస్ పీ, పూర్తిగా మానేయడానికి మైనస్ ఎస్.

కంటైనర్‌లోని జెడ్‌ఎఫ్‌ఎస్ టూల్స్, హోస్ట్‌లోని కెర్నల్ మాడ్యూల్ ఒకే వెర్షన్‌వి కావాలి. పాడ్ లోపల జెడ్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ అని కొడితే రెండూ కనిపిస్తాయి. కంటైనర్ ఇమేజ్‌కు లేటెస్ట్ ట్యాగ్ (కొత్త వెర్షన్ ఏదుంటే అది తెచ్చే గుర్తు) పెట్టారో, ఏదో ఒక రాత్రి తేడా కొడుతుంది. పైగా ఈ పాడ్‌కు ప్రివిలేజ్డ్ అనుమతి కావాలి, అంటే పూల్‌ను నాశనం చేసే తాళం కూడా దాని చేతిలోనే ఉన్నట్టు. నిజం చెప్పాలంటే, స్క్రబ్‌ను హోస్ట్‌లోని సిస్టమ్‌డీ టైమర్‌కే (లినక్స్‌లో పనులను వేళకు నడిపేదానికే) వదిలేసి, ఫలితం చదివి కబురు పంపే పని మాత్రమే క్లస్టర్‌కు ఇవ్వడం నాకు ఎక్కువ నచ్చుతుంది. డెబియన్, ఉబుంటుల్లో జెడ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీ నెలలో రెండో ఆదివారం తనంతట తానే స్క్రబ్ పెడుతుంది. అది తెలియక మీరు ఇంకోటి పెట్టి ఉండొచ్చు.

క్రాన్‌జాబే కావాలనుకుంటే కంకరెన్సీ పాలసీని ఫర్‌బిడ్ చేయండి. డీఫాల్ట్ అలౌ, అంటే పాతది ముగియకముందే కొత్తది మొదలవుతుంది. పాడ్ ఏ నోడ్‌లో పడాలో కట్టేయండి, లేకపోతే పూల్ లేని మెషిన్‌లో తేలుతుంది. బ్యాకాఫ్ లిమిట్ (ఫెయిలైతే మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పేది) డీఫాల్ట్ 6. తుడిచే స్క్రిప్టులకు దాన్ని 0 చేయండి, సగంలో చచ్చిన డిలీట్ మళ్లీ మళ్లీ నడవకూడదు. టైమ్‌జోన్ కూడా రాసిపెట్టండి.

పాత స్నాప్‌షాట్లు తుడిచే దగ్గర నేను దెబ్బతిన్నాను. చివరి 7 ఉంచి మిగతావి తీసెయ్యమని రాశాను. బ్యాకప్ మెషిన్ కొన్నాళ్లు ఆఫ్‌లో ఉంది. అది తిరిగొచ్చేసరికి, రెండు వైపులా ఉమ్మడిగా ఉండాల్సిన స్నాప్‌షాట్ నా వైపు లేదు. ఇంక్రిమెంటల్ (మారినంత మటుకే పంపడం) కుదరక మొత్తం డేటా మొదటినుంచి పంపాల్సి వచ్చింది. ఇప్పుడు బ్యాకప్‌కు చివరగా వెళ్లిన స్నాప్‌షాట్‌కు జెడ్‌ఎఫ్‌ఎస్ హోల్డ్ వేస్తాను, దాన్ని డిస్ట్రాయ్ కమాండ్ తుడవడం కుదరదు. కొత్త స్క్రిప్టు ఏదైనా మొదటి కొన్ని రోజులు మైనస్ ఎన్, మైనస్ వీలతోనే నడుస్తుంది. ఏం తుడుస్తుందో చెబుతుంది, తుడవదు.

రీబూట్ల విషయం కూడా చూసుకోండి. పూల్ మౌంట్ కాకముందే (దాని ఫోల్డర్‌కు జతకాకముందే) యాప్ పాడ్ లేచిందనుకోండి, ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది. డేటాబేస్ సంతోషంగా కొత్తగా మొదలుపెట్టి, రూట్ డిస్క్ మీద రాస్తుంది. డేటాసెట్ (పూల్‌లోని ఫైల్‌సిస్టమ్) లోపల ఒక గుర్తు ఫైల్ ఉంచి, అది కనిపిస్తేనే ముందుకు వెళ్లేలా ఇనిట్ కంటైనర్ (యాప్ కంటే ముందు నడిచేది) పెట్టండి.

ఇదంతా అయ్యాక, అసలు పూల్ జోలికి వెళ్లకుండా ఒక రిహార్సల్ వేయండి. రెండు ఖాళీ ఫైళ్లు చేసి వాటితో మిర్రర్ పూల్ (రెండిటిలోనూ ఒకే డేటా ఉండేది) కట్టి, దాన్ని డేటాతో నింపండి. ఒక ఫైల్ మధ్యలో చెత్త రాసి స్క్రబ్ నడపండి. జెడ్‌పూల్ స్టేటస్‌లో చెక్‌సమ్ గడిలో అంకె పెరగాలి, మీ ఫోన్‌కు మెసేజ్ రావాలి. తర్వాత జాబ్‌ను సస్పెండ్ చేసి, గడువు దాటేదాకా ఆగండి. స్క్రబ్ జరగనందుకు కూడా మెసేజ్ రావాలి. రెండోది రాకపోతే ఇంకా ఆన్ చేయకండి.